ఎసరు ఎవరి అత్తకి?

(ఆవిడ కుడి చేతికి కట్టు. కుర్చీ వంటింటి గుమ్మంలో. ఆయన సింకు దగ్గర.)

ఆవిడ: బియ్యం కడిగారా?

ఆయన: ఆరుసార్లు. నీళ్లు తేటగా వచ్చేదాకా పిసికా.

ఆవిడ: అవి బియ్యమా, మీ బనియన్లా? వేళ్లతో కలియబెట్టి, మూడు కడుగులు వంపేస్తే చాలు. పిసికితే గింజ విరుగుతుంది. ఆ నూకంతా గంజి కట్టి అన్నం ముద్దవుతుంది. సరే, చివరి నీళ్లు బాగా ఒంపేసి అత్తెసరు పెట్టండి.

ఆయన: మా అమ్మ ఊరెళ్లి రెండ్రోజులు కాలేదు, అప్పుడే ఎసరా?

ఆవిడ: ఎవరికి?

ఆయన: అత్తకి! ఇప్పుడేగా అన్నావు.

ఆవిడ: అత్తెసరండీ బాబూ! గంజి వార్చే పని లేకుండా కొలిచి నీళ్లు పోయడం.

ఆయన: కొలిచి పోస్తుందనా? మా అమ్మకి పిసినారితనం అంటగడుతున్నావన్నమాట.

ఆవిడ: ఆవిడ వార్చిన అన్నం మల్లెపూలు రాల్చినట్టుండేది. మీరు వారిస్తే గంజి గిన్నెలో, అన్నం సింకులో. అందుకే అత్తెసరు.

ఆయన: మళ్లీ!

ఆవిడ: గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. అందులోనే అరగంట నాననివ్వండి. ఇవి పాత బియ్యం కాబట్టి రెండు. కొత్తవైతే గ్లాసున్నరే, దాటితే జావ.

ఆయన: అమ్మ వేలు ముంచి, కణుపు దాకా చూసేది.

ఆవిడ: ఆవిడ వేలికీ ఆ గిన్నెకీ యాభై ఏళ్ల స్నేహం. మీరు వెడల్పాటి గిన్నెలో వేలు ముంచితే చెరువే.

ఆయన: ఉండు, అమ్మకే ఫోన్ చేస్తా. (చేసి, వచ్చి) చేశా.

ఆవిడ: ఏమన్నారు?

ఆయన: కోడలు చెప్పినట్టు చెయ్యమంది. నీకు చేయి నొప్పి తగ్గిందా అని మూడుసార్లు అడిగింది. నేనెలా ఉన్నానని ఒక్కసారీ అడగలేదు.

ఆవిడ: మీ గొంతు వింటే తెలియట్లేదూ, దుక్కలా ఉన్నారని! పొంగు రాగానే మంట సిమ్‌లో పెట్టి మూత వెయ్యండి, పన్నెండు నిమిషాలు. ఆపాక పది నిమిషాలు ఉమ్మగిలాలి. మధ్యలో మూత తీసి కెలికారంటే...

ఆయన: కెలకను.

(గంట తర్వాత. ఇద్దరి ముందూ ఒకటే కంచం.)

ఆవిడ: ఇది అన్నమా, గోడలకి వేసే సున్నమా? ఎన్ని గ్లాసులు పోశారు?

ఆయన: నువ్వు చెప్పిన రెండు. మా అమ్మని అన్నందుకు, ఆవిడ పేరున ఇంకోటి.

ఆవిడ: ఖర్మ! పెరుగు కలపండి, ఉప్పెయ్యండి. ఆవకాయ అంచున పెట్టండి.

ఆయన: నోరు తెరు.

ఆవిడ: అబ్బా! అంత ముద్దా? నోరనుకున్నారా, గాదె అనుకున్నారా?

ఆయన: పోనీ, అత్తెసరుగా పెట్టనా?

ఆవిడ: ఎవరి అత్తగారండీ?