ఫైలు పేర్లకు పుణ్యాహవచనం

పసిబిడ్డకు పేరు పెట్టాలంటే మనవాళ్లు ముహూర్తం చూసి, బంధువులను పిలిచి, పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో రాస్తారు. ఫైలుకు మాత్రం “శుభలేఖ ఫైనల్ (2) ఇదే అసలుది” అని కొట్టేసి చేతులు దులుపుకుంటారు. యూనిక్స్ అనే కంప్యూటర్ నిర్వహణ వ్యవస్థ కూడా మహా ఉదారురాలు. వాలుగీత (/), విలువ సున్నా అయిన శూన్య బైటు తప్ప పేరులో ఏమున్నా ఒప్పుకుంటుంది. ఆ ఉదారత మీద కత్తి కట్టి బయలుదేరినదే షెల్ స్క్రిప్టు (వరుసగా నడిచే ఆదేశాల చిట్టా) అనబడే శుద్ధి కార్యక్రమం.

దాని ప్రతాపం చూడండి. “పాత ఫోటోలు” అనే ఫోల్డరును తీసేయమని, పేరు చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టకుండా, అడగకుండా చెరిపేసే ఆదేశమైన ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ అన్నామనుకోండి. మన ఆదేశాలను అందుకునే షెల్ మహాశయుడు ఖాళీ దగ్గర పేరును రెండుగా నరికి, ముందు “పాత” కోసం వెతికి, అది లేకపోయినా కిమ్మనకుండా, పక్కనే నిక్షేపంగా ఉన్న “ఫోటోలు” ఫోల్డరును పిల్లాపాపలతో సహా ఊడ్చేస్తాడు. పోవలసిన పాతవి మాత్రం చెక్కుచెదరవు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఈమధ్య ఒక మిత్రుడు ఎక్కడినుంచో దించుకున్న స్క్రిప్టును మా ఇంటి స్కాన్ల మీద నడిపాడు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప మిగతావన్నీ టీఆర్ మైనస్ సీడీ అనే అక్షరాల జల్లెడతో తొలగించడమే దాని విద్య. “అమ్మమ్మ ఆవకాయ కొలతలు.జేపీజీ”, “తాతయ్య వీలునామా.జేపీజీ”, “నాన్న ఉత్తరం.జేపీజీ” మొదలైన 40 బొమ్మలూ వరుసగా “.జేపీజీ” అయ్యాయి. పేరు మార్చే ఎంవీ ఆదేశానికి, ఉన్న ఫైలు మీద పడకుండా ఆపే మైనస్ ఎన్ ఇవ్వలేదు కనుక ఒకదాని మీద ఒకటి పడి చచ్చి, ఆఖరిది ఒక్కటే మిగిలింది. అదీ చుక్కతో మొదలైన పాపానికి, యూనిక్స్ అలాంటివాటిని దాచిపెడుతుంది కనుక, కంటికి కనబడదు.

స్క్రిప్టులో ఆ తొలగింపు వరుస పైన రాసుకున్న వివరణలో (కామెంటులో) ఏముందో తెలుసా? “చెత్త అక్షరాల తొలగింపు”! అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికి 3 బైట్లు, గుణింతానికి వేరే 3, ఒత్తుకు 6. పేరుకు యూనిక్స్ తరహా వ్యవస్థ అయిన లినక్స్ ఇచ్చే 255 బైట్లలో ఎలాగో ఇరుక్కుని బతుకుతున్న ఓనమాలు చెత్తా? ఖాళీలను అండర్‌స్కోర్లు చేసి ఊరుకుంటే ఎవరి సొమ్ము పోయింది? మా అమ్మమ్మ కొలతలు ఇక ఎవరు చెబుతారు?

మిత్రుడు మాత్రం ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కొట్టి, ఒక్క పేరూ లేని తెరను చూపిస్తూ “ఎంత శుభ్రంగా ఉందో చూడండి” అన్నాడు. కింద “40 ఫైళ్లు శుద్ధి అయ్యాయి” అని కూడా ఉంది.