తాగినోడిదేనా తప్పు?

కల్తీ కల్లు తాగి ఎవరైనా ఆసుపత్రి పాలైతే పాలమూరులో ముందుగా వినిపించే మాట, ‘‘ఎవరు తాగమన్నారు?’’ ఆ మాట మేము ఒప్పుకోం.

పొద్దంతా మట్టి మోసి, సందకాడ దుకాణంలో ఒక సీసా కల్లు తాగడం కూలి మనిషి ఇష్టం. అతని కూలి, అతని ఒళ్లు. ఇంటి ఖర్చు మరిచి తాగితే పెళ్లాంపిల్లలకు జవాబు చెప్పుకోవాల్సిందీ అతనే. అయితే అతను కొన్నది కల్లు. చాలాచోట్ల సీసాలోకి వస్తున్నది అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు, తీపికి శాక్రిన్. ఊళ్లో చెట్లెన్ని, అమ్ముడవుతున్న సీసాలెన్ని అని లెక్క చూస్తే సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. అడగని మందు తాగించి, ‘నీ ఇష్టంతోనే తాగావు కదా’ అంటే ఎట్లా?

కొన్నాళ్లు పోయాక ఇష్టమనేదే మిగలదు. రోజూ తాగే మనిషికి ఒక్క పూట అందకపోతే తెల్లారి టీ గ్లాసు చేతిలో నిలవదు. సగం టీ చొక్కా మీదే ఒలికిపోతుంది. తర్వాత నిద్ర పట్టదు, ఎదురుగా లేనివాళ్లతో మాట్లాడతాడు, కొందరికి ఫిట్స్ వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్లు పోటెత్తారు. అలవాటైన మత్తుమందును డాక్టరు చూస్తుండగా కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఎక్సైజ్ అధికారులు దుకాణానికి తాళం వేసిన రోజే ఆ ఊరికి డాక్టరు కూడా రావాలి.

కల్లునే బంద్ పెట్టమనేవాళ్లూ ఉన్నారు. అదీ న్యాయం కాదు. మోకు, ముస్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి తాడెక్కే గౌడన్న ఏం తప్పు చేశాడు? కల్తీ సరుకు అతని పొట్ట కూడా కొడుతోంది. అల్ప్రాజోలం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందు. సీసా నింపినవాడి దగ్గరే కేసు ఆగకుండా, ఆ పొడి తయారైన చోటుదాకా పోవాలి.

2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్లు తాగి పలువురు చనిపోయారు. చావులయ్యేదాకా ఆగకుండా వారం వారం దుకాణాల్లో శాంపిళ్లు తీయాలి. ఏం తేలిందో పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయాలి, చదువురానివాళ్లకు టాంటాం వేయించాలి. అన్నీ తెలిసి కూడా తాగితే ఆ బాధ్యత అతనిదే. అప్పుడు కూడా అతనికి ఆసుపత్రిలో మంచం ఇవ్వాల్సిందే.