రెండు కోట్ల అరవై లక్షలు, రెండు గెలుపులు

"పవన్ ఉండుంటే ఈసారి కప్పు మనదే." ఈ మాట ఇంకోసారి నా ముందు ఎవరైనా అంటే టీ నేనే తాగిస్తాను, కానీ ఈ కబడ్డీ లెక్క మొత్తం విన్నాకే లేవనిస్తాను. మా గాజువాక బావకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇక్కడ రాస్తున్నా. తిట్టేవాళ్ళు తిట్టండి, కాకపోతే పూర్తిగా చదివి తిట్టండి.

సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2025 ప్రో కబడ్డీ సీజన్‌లో మన తెలుగు టైటాన్స్ క్వాలిఫయర్ 2 దాకా వెళ్ళి పుణేరి పల్టన్ చేతిలో 45-50 తేడాతో ఓడిపోయింది. అది గెలిచుంటే ఫైనల్. 2016లో సెమీస్ ఆడిన తర్వాత మనవాళ్ళు మళ్ళీ ప్లేఆఫ్స్ మొహం చూడటం ఇదే. సంబరపడాల్సిన చోట, సీజన్‌కి ముందు జట్టు వదిలేసిన స్టార్ రైడర్ (అంటే కూతకి వెళ్ళేవాడు) పవన్ సెహ్రావత్ విషయంలో మనం రెండు పార్టీలుగా చీలిపోయాం. "పవన్ సెహ్రావత్‌ని వదిలేసి మేనేజ్‌మెంట్ కొంప ముంచింది" అంటారు ఒక పార్టీవాళ్ళు. "పవన్ పోయాడు కాబట్టే పట్టిన శని వదిలింది" అంటారు రెండోవాళ్ళు. నాకు రెండూ నచ్చలేదు. మొదటి వాదనకి మాత్రం అసలు కాళ్ళే లేవు, కాబట్టి దాంతోనే మొదలెడతా.

2023 వేలం గుర్తుందా? ఒక్కో జట్టు చేతిలో ఉన్నది 5 కోట్లు. అందులో పవన్‌కి మనవాళ్ళు పెట్టింది 2 కోట్ల 60 లక్షల 50 వేలు. అప్పటికి లీగ్ మొత్తంలో ఎవరికీ అంత ధర పలకలేదు. ఆ రోజు మనం చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. స్టేటస్‌ల నిండా పవనే, కప్పు ఇంటికొచ్చేసినట్టే. తీరా సీజన్ అయ్యేసరికి 22 మ్యాచ్‌లలో 2 గెలుపులు, 19 ఓటములు, 1 టై. చిట్టచివరి స్థానం.

పోనీ పవన్ ఆడలేదా అంటే, బ్రహ్మాండంగా ఆడాడు. ఆ సీజన్‌లో రైడ్ పాయింట్లు 200 దాటించాడు. ఇంకే జట్టులో అయినా అన్ని పాయింట్లు చేసినవాడు ప్లేఆఫ్స్‌లో ఉంటాడు. ఇక్కడ ఆయన రైడ్‌కి వెళ్ళి రెండు పాయింట్లు తెస్తే, మనవాళ్ళు తిరిగి మూడు ఇచ్చి పంపేవారు. బావకి నేను చెప్పే మాట ఒకటే: ఇల్లు కట్టడానికి తెచ్చిన డబ్బులో సగానికి పైగా సింహద్వారానికే పోసి, మిగిలినదాంతో గోడలు లేపమంటే మేస్త్రీ ఏం చేస్తాడు? చూసినవాళ్ళంతా తలుపు బాగుందన్నారు. వాన వచ్చింది.

ఇప్పుడు రెండో పార్టీకి వస్తా. పవన్ శని కాదు. ఆ చెక్కు రాసింది పవన్ కాదు. ఈ జబ్బు ఆయనకంటే ముందునుంచే ఉంది. 2018లో రాహుల్ చౌదరిని 1 కోటి 29 లక్షలకి నిలబెట్టుకున్నారు. రాహుల్ అంటే నాకూ ప్రాణమే, మొదటి సీజన్ నుంచీ టైటాన్స్ అంటే ఆయనే. ఆ ఏడాది ప్లేఆఫ్స్ లేవు. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌కి 1 కోటి 45 లక్షలు. 12 జట్లలో 11వ స్థానం. ఆ తర్వాతి సీజన్‌కీ ఆయన్నే కోటీ ముప్ఫైకి అట్టిపెట్టుకున్నారు, పాపం మొదట్లోనే గాయమై కూర్చున్నాడు. ఇక పవన్ సంగతి చెప్పాను. పేరు మారుతుంది, జెర్సీ వెనక నంబర్ మారుతుంది, ఆలోచన మాత్రం అదే: ఒక పెద్ద రైడర్‌ని తెచ్చిపడేస్తే మిగతాది దేవుడు చూసుకుంటాడు.

దేవుడు చూసుకోలేదు. 2021-22లో 22 మ్యాచ్‌లకి 1 గెలుపు. 2022లో 2. 2023-24లో మళ్ళీ 2. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. మూడుసార్లూ పన్నెండో స్థానమే. ఆ రోజుల్లో ఆఫీసులో బెంగళూరు, పట్నా అభిమానులు నన్ను వెక్కిరించడం కూడా మానేశారు. జాలిపడేవారు. దానికంటే వెక్కిరింతే నయం.

కోచ్‌ల సంగతి చూడండి. 2019లో ఇరాన్ నుంచి గోలంరెజా మాజందరానీ. తర్వాత జగదీశ్ కుంబ్లే. తర్వాత వెంకటేశ్ గౌడ్. తర్వాత శ్రీనివాస్ రెడ్డి. నాలుగు సీజన్లకి నలుగురు. వీళ్ళలో ఎవరూ ఆట తెలియనివాళ్ళు కాదు. కానీ ఒక మనిషి వచ్చి, ఆటగాళ్ళ పేర్లు, అలవాట్లు తెలుసుకుని, ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టాలో తేల్చుకునేసరికి సీజన్ అయిపోతుంది. మనవాళ్ళు ఆయనకో దండం పెట్టి ఇంకొకర్ని తెచ్చుకుంటారు. వచ్చినాయన మళ్ళీ అ-ఆల నుంచి మొదలు.

ఇది డిఫెన్స్‌కి ఎంత చేటో స్టేడియంలో దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. టీవీలో కెమెరా రైడర్ వెంటే పరిగెడుతుంది కాబట్టి అంతగా కనబడదు. రైడర్ మన కోర్టు లోపలున్న బోనస్ లైన్ వైపు కాలు చాపాడనుకోండి. కార్నర్‌లో, అంటే వరస చివర, ఉన్నవాడు ఒంగి చీలమండ పట్టుకుంటాడు. ఆ క్షణంలోనే వాడి పక్కన లోపలివైపు నిలబడే డిఫెండర్, అంటే కవర్, వచ్చి నడుం మీద పడాలి. మూడోవాడు మిడ్‌లైన్ వైపు దారి మూసెయ్యాలి. వీళ్ళు ఒకరినొకరు చూసుకోరు, చూసుకునే టైమ్ లేదు. చేతులు పట్టుకుని చెయిన్‌గా నిలబడ్డప్పుడు పక్కవాడి వేళ్ళు బిగుసుకోవడాన్ని బట్టే వీడికి అర్థమవ్వాలి, వాడు దూకబోతున్నాడని. అది కలిసి ఆడితేనే వస్తుంది, డబ్బు పెట్టి కొంటే రాదు. మన చెత్త సీజన్లలో జరిగింది ఏంటంటే, కార్నర్ ఒక్కడే దూకేవాడు, కవర్ అర సెకను ఆలస్యంగా వచ్చేవాడు, రైడర్ ఇద్దర్నీ ఈడ్చుకుంటూ వెళ్ళి చెయ్యి చాపి లైన్ ముట్టుకునేవాడు. ఒకటి రావాల్సిన చోట రెండు పోయేవి. ఆ తర్వాత జట్టంతా ఔటై ఆలౌట్, దానికి ఇంకో రెండు.

2022లో పేరున్న డిఫెండర్లనే తెచ్చారుగా అంటారు. తెచ్చారు. సుర్జీత్ సింగ్, పర్వేశ్ భైంస్వాల్, విశాల్ భరద్వాజ్, రవీందర్ పహల్. కాగితం మీద చూస్తే భయమేస్తుంది. గెలుపులు రెండు. పేర్లు పక్కపక్కన రాసినంత మాత్రాన జట్టు అయిపోదని ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మరి మార్పు ఎక్కడ వచ్చింది? 2024లో క్రిషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చారు. పవన్‌ని అట్టిపెట్టుకున్నారు, కానీ ఈసారి 1 కోటి 72 లక్షల 50 వేలకి. అంటే అంతకుముందుకంటే దాదాపు 90 లక్షలు తక్కువ. ఆ వేలంలోనే విజయ్ మలిక్‌ని 20 లక్షలకి తెచ్చుకున్నారు. అప్పుడు ఎవరూ ఒక్క స్టేటస్ కూడా పెట్టలేదు, నేనూ పెట్టలేదు. సీజన్ మధ్యలో పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకి దూరమైతే బండి లాగింది ఈ విజయే. 22లో 12 గెలిచాం, ఏడో స్థానం, అంగుళంలో ప్లేఆఫ్స్ పోయాయి. రెండు గెలుపుల నుంచి పన్నెండుకి! ఎడమ కార్నర్‌లో అంకిత్ అనే కుర్రాడు పాతుకుపోయింది కూడా ఆ సీజన్‌లోనే.

2025 వేలానికి ముందు పవన్‌ని వదిలేశారు. విజయ్‌ని యాభై లక్షల చిల్లరకి తిరిగి తీసుకుని కెప్టెన్‌ని చేశారు. భరత్ హుడాని 81 లక్షలకి కొన్నారు. ఇద్దరికీ కలిపినా కోటిన్నర లేదు. అన్నిటికంటే ముఖ్యం, కోచ్‌ని మార్చలేదు. చాన్నాళ్ళకి మన మేనేజ్‌మెంట్ చేసిన తెలివైన పని ఏదీ చెయ్యకుండా ఉండటమే.

సీజన్ మొదలైంది మన ఊళ్ళోనే. 2018 తర్వాత మళ్ళీ అప్పుడే వైజాగ్‌కి కబడ్డీ వచ్చింది. ఆగస్టు 29, మొదటి మ్యాచ్ తమిళ్ తలైవాస్‌తో. అటువైపు జెర్సీలో పవన్. మనవాళ్ళలో సగంమంది ఆయన పేరే అరుస్తున్నారు, సొంత జట్టు డిఫెండర్లకి ఎంత ఒళ్ళు మండి ఉంటుందో. 35-38తో ఓడాం. బావ నా వైపు తిరిగి, "చూశావా బామ్మర్దీ" అని నవ్విన నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు. రెండో మ్యాచ్ యూపీతో, అదీ పోయింది. ఆ రాత్రి బయట బైకుల దగ్గర అందరిదీ ఒకటే మాట, కోచ్‌ని పీకేయాలి. రెండు మ్యాచ్‌లకే! పాత రోజులైతే నిజంగానే పీకేసేవారేమో.

పీకలేదు. లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచాం. ప్లేఆఫ్స్‌లో బెంగళూరుని కొట్టాం, వరసగా గెలుచుకుంటూ వచ్చిన పట్నాని కొట్టాం. అదీ పవన్ లేకుండా. "ఉండుంటే" అనే బావకి నా ప్రశ్న ఇది: ఆయన ఉంటే ఆ డబ్బులో భరత్ వచ్చేవాడా? పట్నా మ్యాచ్‌లో భరత్ ఆట చూసి కూడా ఈ మాట అంటున్నావంటే ఏం చెప్పను.

అసలు పుణేరితో మనం ఎందుకు ఓడాం? రైడర్ లేక కాదు. 45 పాయింట్లు చేశాం. మామూలుగా 45 చేస్తే ఎవరి మీదైనా గెలుస్తాం. ఇచ్చుకున్నది 50. మొదట్లో పైచేయి మనదే, తర్వాత వాళ్ళ కుర్ర రైడర్ ఆదిత్య షిండే మన డిఫెన్స్‌తో ఆడుకున్నాడు. అంటే కొత్తగా డబ్బు పెట్టాల్సింది ఎక్కడ? కళ్ళ ముందు స్కోర్‌బోర్డు ఉంది. అయినా మనవాళ్ళు "పెద్ద రైడర్ కావాలి, పెద్ద రైడర్ కావాలి". కుక్క తోక వంకర అని ఊరికే అనలేదు.

ఇంకో గొడవ ఉంది, తెలుగు ఆటగాళ్ళ గొడవ. జట్టు పేరులో తెలుగు ఉంది, మ్యాట్ మీద వినబడేదంతా హర్యానా హిందీ. ఈ బాధ నాకూ ఉంది. కానీ రేపటినుంచే ఏడుగురిలో ముగ్గురు మనవాళ్ళు ఉండాలనడం పిచ్చి మాట. సిద్ధంగా లేని కుర్రాణ్ణి ప్రైమ్ టైమ్‌లో దింపి, నాలుగు ట్యాకిల్స్ పోతే మనమే బూతులు తిడతాం, వాడి బతుకు అక్కడితో సరి. సంక్రాంతి టైమ్‌లో విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పోటీలు చూడండి. మట్టిలో ఆడే కుర్రాళ్ళకి దమ్ముంది, కాళ్ళలో స్పీడుంది. లేనిది మ్యాట్. మట్టి మీద జారి పట్టేవాడు మ్యాట్ మీద షూ వేసుకుని అదే చేయబోతే మోకాలు పోతుంది. ఏడాదంతా నడిచే ఒక శిక్షణ కేంద్రం, రెండు మ్యాట్‌లు, తిండీ వసతీ, ఒక డిఫెన్స్ కోచ్. పెద్ద రైడర్‌కి ఎక్కువగా పోసే సొమ్ము అటు మళ్ళిస్తే మూణ్ణాలుగేళ్ళలో ఇద్దరైనా బయటికొస్తారు. వేలంలో కొనే డబ్బూ ఈ డబ్బూ వేరని అంటారు, తెలుసు. యజమాని జేబు ఒకటేగా.

అన్నట్టు, జట్టు ఎవరిది అనే హైదరాబాద్-వైజాగ్ పంచాయితీలోకి నన్ను లాగకండి. 2014లో మొదలైంది ఇక్కడ, మధ్యలో గచ్చిబౌలి, మళ్ళీ ఇక్కడ. గెలిస్తే ఇద్దరిదీ.

వచ్చే వేలం రోజు మా ఇంట్లోనే కూర్చుని చూద్దామని బావ అప్పుడే చెప్పేశాడు. రమ్మన్నాను. ఆయన రైడర్ల లిస్టు పట్టుకొస్తాడు, నేను మాత్రం కుడి కార్నర్‌కీ కవర్‌కీ ఎంత పెట్టారో చూస్తా. విజయ్, భరత్, అంకిత్ ముగ్గురూ ఉండి, కోచ్ మారకపోతే ఆ రాత్రి ముంత మిక్చర్ ఖర్చు నాది. ముగ్గుర్నీ ఊడగొట్టి మళ్ళీ ఎవరికో రెండు కోట్లు పోశారంటే ఇంకో పోస్ట్ రాస్తా. అది ఇంత మర్యాదగా ఉండదు.