కిడ్నీకి కణాలు దొరికితే సరిపోదు

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థం) పెరుగుతోందని తెలిసిన ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్: డయాలసిస్ తప్పదా? అలాంటి సమయంలో, ఇతర రకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్ పేరు చెప్పి 'మూలకణాలతో కిడ్నీ మళ్లీ కొత్తగా' అనే ప్రకటన కనిపిస్తే ఆశ పుట్టడంలో తప్పు లేదు. ఆ ఆశకు ధర కట్టి అమ్మడమే అన్యాయం.

ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడకట్టి మూత్రం తయారుచేసే సూక్ష్మ భాగాలు, నెఫ్రాన్లు, సుమారు 10 లక్షలు ఉంటాయి. ఇవి తల్లి కడుపులో నెలలు నిండేసరికే తయారైపోతాయి, ఆ తర్వాత కొత్తవి రావు. నెఫ్రాన్ గొట్టంలోని కణాలకు మళ్లీ పెరిగే శక్తి కొంత ఉంది. అందుకే ఉన్నట్టుండి కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో చాలామంది కోలుకుంటారు. నెఫ్రాన్‌లో రక్తాన్ని వడకట్టే జల్లెడ, గ్లోమెరులస్, పూర్తిగా గట్టిపడిపోతే మాత్రం దాని పని అయిపోయినట్టే. షుగర్, బీపీ ఏళ్ల తరబడి చేసే నష్టం ఇదే.

ఎముక మజ్జ నుంచో కొవ్వు నుంచో తీసిన మెసెంకైమల్ మూలకణాలను నరం ద్వారా ఎక్కిస్తే నేరుగా వెళ్లి నెఫ్రాన్లుగా మారతాయని చాలామంది నమ్ముతున్నారు. కానీ వాటిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లోనే చిక్కుకుపోతాయి. అవి విడుదల చేసే పదార్థాలు వాపును తగ్గించగలవు, జంతువుల్లో ఫలితాలు బాగానే వచ్చాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. గుండె ఆపరేషన్ తర్వాత కిడ్నీ దెబ్బతిన్న 156 మందిపై జరిపిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. కణాలు ఎక్కించుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా త్వరగా కోలుకోలేదు.

అంతకన్నా కలవరపెట్టేది 2010లో వైద్య పత్రికకెక్కిన ఒక కేసు. థాయ్‌లాండ్‌లో లూపస్‌తో (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు) కిడ్నీ దెబ్బతిన్న మహిళకు ఒక ప్రైవేటు క్లినిక్ ఆమె మూలకణాలనే కిడ్నీల్లోకి ఇంజెక్ట్ చేసింది. కిడ్నీ బాగుపడలేదు సరికదా, అక్కడ గడ్డలు పెరిగాయి.

అలాగని పరిశోధన వట్టిపోయిందనలేం. మామూలు కణాన్ని మూలకణంగా మార్చే దారిని 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా ఎలుకల కణాల్లో చూపించారు. 2015లో ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్త మెలిస్సా లిటిల్ బృందం అలాంటి మానవ కణాలతో ల్యాబ్‌లో బుల్లి కిడ్నీల్లాంటి కణజాల ముద్దలను, అంటే ఆర్గనాయిడ్లను పెంచింది. అవి గర్భస్థ శిశువు కిడ్నీని పోలి ఉంటాయి. మందుల విషప్రభావం, వంశపారంపర్య కిడ్నీ జబ్బులు అర్థం చేసుకోవడానికి ఇప్పటికే ఉపయోగపడుతున్నాయి. రక్తాన్ని లోపలికి తెచ్చే నాళాలు, తయారైన మూత్రం బయటికి పోయే దారి సరిగా అమరనంతవరకు అవి కిడ్నీ పని చేయలేవు. అసలు చిక్కు ఈ నిర్మాణం దగ్గరే ఉంది.

అందుకే రోగికి నా మనవి ఒకటే. ఎవరైనా మూలకణాలు ఎక్కిస్తామంటే అది నమోదైన ట్రయలేనా అని అడగండి. ట్రయల్ అంటూనే భారీ ఫీజు అడిగితే ఒప్పుకోకండి. ముఖ్యంగా, డాక్టరు రాసిన బీపీ, షుగర్ మందులు మానేయకండి. బీపీకి వాడే ఏసీఈ ఇన్‌హిబిటర్లు, షుగర్‌కు వాడే ఎస్‌జీఎల్‌టీ2 మందుల్లాంటివి కిడ్నీ క్షీణించే వేగాన్ని తగ్గిస్తాయని పెద్ద ట్రయల్స్‌లోనే తేలింది. వాటిని ఆపేసిన నెలల్లో పోయే నెఫ్రాన్లను ఇప్పుడున్న ఏ మూలకణ చికిత్సా తిరిగి తేలేదు.