బేస్ జంప్‌కు ఇంట్లో కుట్టే భాగాలు: దారం బలం కన్నా కొలత ముఖ్యం

పారాచూట్ భాగం ఇంట్లో కుట్టారని వింటే ఎవరికైనా ముందు వచ్చే అనుమానం ఒకటే: కుట్టు ఊడితే? బేస్ జంపింగ్‌లో, అంటే కొండ, వంతెన, భవనం వంటి కదలని చోటు నుంచి పారాచూట్‌తో దూకే క్రీడలో, ఆ భయం ఉండాల్సిందే, కానీ దానికన్నా ముందు భయపడాల్సింది ఇంకొకటి ఉంది. ఇ-సైజు నైలాన్ దారం ఒక్క పోగే దాదాపు 4 కిలోల లాగుడుకు ఆగుతుంది. సెంటీమీటరుకు మూడు నాలుగు కుట్లు పడితే, పది సెంటీమీటర్ల వరస నూరు కిలోలకు పైగా తట్టుకుంటుంది. శ్రద్ధగా కుట్టేవాళ్ల పనిలో దారం తెగడం అరుదు. ఎడమ పక్కకూ కుడి పక్కకూ తేడా రావడం మాత్రం మామూలు. ఆ తేడాతో కెనోపీ (పారాచూట్ ప్రధాన గుడ్డ) కొండవైపు తిరిగి తెరుచుకుంటే స్పందించడానికి ఒకటి రెండు సెకన్లే ఉంటాయి. జంప్ చేసేవాళ్ల ప్రాణాలు తీసే ముఖ్యమైన ప్రమాదాల్లో ఇదొకటి.

విమానం నుంచి దూకేవారికి అమెరికా విమానయాన నిబంధనలు రెండు పారాచూట్లు తప్పనిసరి చేశాయి. రెండోది, అంటే రిజర్వ్, ఆమోదం పొందినదై ఉండాలి, లైసెన్సున్న రిగ్గర్ (పారాచూట్లు సర్ది, మరమ్మతు చేసే నిపుణుడు) చేత్తో సర్దినదై ఉండాలి. బేస్ రిగ్‌లో, అంటే దూకేవాళ్లు తగిలించుకునే పారాచూట్ సామగ్రిలో, ఉండేది ఒకే కెనోపీ. ఐడహోలోని పెరీన్ వంతెన ఎత్తు 148 మీటర్లు. అక్కడి నుంచి ఏమీ తెరుచుకోకపోతే నీళ్లను తాకడానికి ఐదున్నర సెకన్లు పడుతుంది. రిజర్వ్ ఉన్నా దాన్ని వాడే వ్యవధి ఉండదు.

అలాగని ఇంట్లో కుట్టడమే తప్పు అనేవాళ్లతో ఏకీభవించలేం. 1978లో ఈ క్రీడకు ఆద్యుడైన కార్ల్ బోనిష్ బృందం కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటన్ కొండ మీద నుంచి దూకినప్పుడు ఈ క్రీడ కోసమే చేసిన పరికరాలంటూ లేవు, స్కైడైవింగ్ సామగ్రే దిక్కు. పొడవాటి బ్రైడిల్ (పైలట్ చూట్‌ను కెనోపీకి కలిపే పట్టీ), పెద్ద పైలట్ చూట్ (గాలి పట్టి కెనోపీని బయటికి లాగే చిన్న పారాచూట్), మెష్ స్లైడర్ (కెనోపీ తెరుచుకునే వేగాన్ని తగ్గించే జాలీ గుడ్డ), లైన్లు, అంటే కెనోపీ తాళ్లు, సర్దే టెయిల్ పాకెట్ తర్వాతి ఏళ్లలో దూకేవాళ్ల అవసరాల నుంచే రూపుదిద్దుకున్నాయి. కాబట్టి అడగాల్సింది కుట్టవచ్చా లేదా అని కాదు, ఏది ముందు కుట్టాలి, ఏది ఎప్పటికీ ముట్టకూడదు అని.

స్టాష్ బ్యాగ్‌తో, అంటే సామగ్రి మోసుకెళ్లే సంచితో, మొదలుపెట్టడం మేలు. అది పాడైతే పోయేది సంచి మాత్రమే. టెయిల్ పాకెట్ దాని తర్వాతి మెట్టు. అందులో వెల్క్రో మరీ పెద్దదైతే తక్కువ వేగంలో లైన్లు బయటికి రావు. మరీ చిన్నదైతే అన్నీ ఒక్కసారే జారిపోయి చిక్కుపడతాయి. వెల్క్రోలో గరుకుగా ఉండే హుక్ వైపు లైన్లకు గానీ కెనోపీ గుడ్డకు గానీ తగలకూడదు, తగిలిన ప్రతిసారీ కొన్ని పోగులు లేస్తాయి.

అసలు పరీక్ష పైలట్ చూట్. చూడ్డానికి గుండ్రటి గుడ్డ, కింద మెష్, నాలుగు టేపులు, నడుమ ఒక లైను. ఇంత తేలికగా కనిపించే వస్తువు మీద మొత్తం తెరుచుకోవడం ఆధారపడి ఉంటుంది. దూకిన ఒక సెకనుకు వేగం గంటకు సుమారు 35 కిలోమీటర్లు. ఆ వేగంలో 42 అంగుళాల పైలట్ చూట్ లాగే బలం మూడున్నర కిలోల చుట్టుపక్కల ఉంటుంది, అంటే దాదాపు కెనోపీ బరువంత. అందుకే చేతిలో పట్టుకుని వెంటనే విసిరే జంపులకు 46, 48 అంగుళాలవి వాడతారు. వ్యాసం 42 నుంచి 48కి పెరిగితే విస్తీర్ణం 30 శాతం పెరుగుతుంది. పెద్దదైతే ఎప్పుడూ మంచిదేలే అనుకోవడం కూడా ప్రమాదమే. పూర్తి వేగం అందుకున్నాక అదే 42 అంగుళాల గుడ్డ నూరు కిలోల దాకా లాగుతుంది, అందుకే పొడవాటి డిలేలకు, అంటే తెరిచే ముందు ఎక్కువసేపు పడే జంపులకు, 32 నుంచి 36 అంగుళాలవి ఎంచుకుంటారు.

42 అంగుళాలంటే 107 సెంటీమీటర్లు. అంచు మడతకు ఒకటిన్నర సెంటీమీటర్లు కలిపి 55 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అట్ట నమూనా చేసుకోవాలి. గుడ్డను నాలుగు మడతలు వేసి కత్తిరించడం దర్జీ పనిలో అలవాటే, ఇక్కడ మాత్రం వద్దు. సిలికాన్ పూత ఉన్న గుడ్డ జారుతుంది, పై మడతకూ కింది మడతకూ తేడా వస్తుంది. ఒకే పొరగా పరిచి గీసుకోవాలి. పడుగు ఏ దిక్కున ఉందో గుడ్డమీదా మెష్‌మీదా పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి, రెండూ కలిపేటప్పుడు ఆ గుర్తులు ఒకే దిక్కున ఉండాలి. నేత క్రాస్‌లో, అంటే 45 డిగ్రీల ఏటవాలులో, ఎక్కువ సాగుతుంది. మెష్ మీది టేపులను ఆ దిక్కునే వేస్తే సాగుడు ఆగుతుంది. పై గుడ్డమీది టేపులు అంచు దగ్గర మెష్ టేపులతో ఒకే బిందువులో కలవాలి.

ఇక అంచు కుట్టు. పనిని చెడగొట్టేది ఎక్కువగా ఇక్కడే. చుట్టుకొలత 336 సెంటీమీటర్లు. గుడ్డమీదా మెష్‌మీదా 42 సెంటీమీటర్లకొకటి చొప్పున ఎనిమిది గుర్తులు పెట్టి, గుర్తుకు గుర్తు కలిపి క్లిప్పు వేసి, ఒక్కో భాగం విడిగా కుట్టాలి. అలా చేయకుండా గుండ్రంగా ఒకే ఊపులో కుట్టుకుంటూ పోతే, మిషన్ పళ్లు కింది పొరను వేగంగా తోస్తాయి, పై పొర వెనకబడుతుంది. చివరికి వచ్చేసరికి పై పొర ఒకటి రెండు సెంటీమీటర్లు మిగిలిపోతుంది. దాన్ని చిన్న కుచ్చులా సర్దేసి కుట్టేస్తారు. కంటికి అదేమీ పెద్ద లోపంగా కనిపించదు. గాలిలో ఆ కుచ్చు ఉన్న పక్క చదునుగా, మిగతా పక్క గుండ్రంగా నిండుతుంది. పైలట్ చూట్ గిరగిరా తిరుగుతూ కెనోపీని వీపు మీద నుంచి ఒక పక్కగా లేపుతుంది. వంకర తెరుచుకోవడానికి శరీర భంగిమ, సర్దుడు వంటి కారణాలూ ఉంటాయి. కానీ వాటిని జంప్ జంప్‌కూ దిద్దుకోవచ్చు, గుడ్డలో కుట్టేసిన తేడా ప్రతి జంప్‌లోనూ వెంట వస్తుంది.

కేంద్ర లైనును మొదటే బిగించకూడదు. బరువు పడినప్పుడు శిఖరం అంచు మట్టానికి దాదాపు దిగి రావాలి. లైను పొడవైతే గొడుగులా పైకి ఉబ్బి వెడల్పు తగ్గుతుంది. మరీ పొట్టిదైతే మధ్య గుంటపడి లాగుడు పడిపోతుంది. ముందు ముడివేసి చూసి, కొలత కుదిరాకే బార్‌టాక్ (దగ్గర దగ్గరగా వేసే గట్టి కుట్టు) వేయాలి.

కుట్టు విషయంలో ఎక్కువ వేస్తే ఎక్కువ బలం అనుకోవడం పొరపాటు. కుట్లు మరీ దగ్గరగా పడితే సూది రంధ్రాల వరస వెంట తపాలా బిళ్లలా చిరుగుతుంది. అంగుళానికి 7 నుంచి 11 చాలు. మొండి సూది పోగుల మధ్య దూరకుండా పోగునే తెంపుతుంది. పై దారం, బాబిన్ దారం పెనవేసుకునే చోటు గుడ్డ మందంలోనే దాగి ఉండాలి. అడుగున దారం ఉచ్చులుగా వేలాడుతుంటే పై టెన్షన్ వదులైనట్టే, ఆ వరసను విప్పి మళ్లీ కుట్టాల్సిందే. టేపు కొసలు వేడి కత్తితో కోసినప్పుడు గట్టిపడ్డ అంచు పక్కనున్న గుడ్డను రంపంలా రుద్దుతుంది, దాన్ని మడత లోపలికి తోసెయ్యాలి.

బ్రైడిల్‌కు సన్న తాడు కన్నా వెడల్పు టేపే మంచిది, అంత తేలిగ్గా ముడిపడదు. బేస్‌లో పొడవు సుమారు 2.7 మీటర్లు. శరీరం వెనక సుడి తిరిగే గాలిని దాటి పైలట్ చూట్ శుభ్రమైన గాలిలోకి వెళ్లడానికి ఆ పొడవు కావాలి.

హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీల చట్రం) జోలికి మాత్రం ఇంటి మిషన్‌తో వెళ్లకూడదు. టైప్ 7, టైప్ 8 వెబ్బింగ్ (మందపాటి నైలాన్ పట్టీ) పొరలను కలపడానికి ఐదు పోగుల మందపు దారం, దాన్ని సమంగా లాగగలిగే భారీ మిషన్ కావాలి. ఇంటి మిషన్ ఆ మందంలో కుట్లు వదిలేస్తుంది, పైకి మాత్రం వరస పూర్తయినట్టే కనిపిస్తుంది. కెనోపీ కూడా అంతే. డజన్ల కొద్దీ లైన్ల కొలతలు ఒకదానికొకటి సరిపోవాలి.

1912 ఫిబ్రవరి 4న దర్జీ ఫ్రాన్స్ రైఖెల్ట్ తాను కుట్టిన పారాచూట్ దుస్తుల్లో ఐఫిల్ టవర్ మొదటి అంతస్తు నుంచి, 57 మీటర్ల ఎత్తు నుంచి దూకి చనిపోయాడు. అంతకుముందు బొమ్మలతో చేసిన పరీక్షలు విఫలమైతే, ఎత్తు చాలకపోవడమే కారణమనుకున్నాడు. విఫలమైన పరీక్షకు కారణం పరీక్షలోనే ఉందని చెప్పుకోవడం ఎంత సులభమో అక్కడ కనిపిస్తుంది.

కాబట్టి కొత్త పైలట్ చూట్‌ను పరీక్షించేటప్పుడు ఏం జరిగితే పక్కన పడేయాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఖాళీ మైదానంలో, గాలి లేని వేళ, ఒకరు కారు నడుపుతుంటే వెనక కూర్చున్నవారు బ్రైడిల్‌కు స్ప్రింగ్ త్రాసు తగిలించి గంటకు 35 కిలోమీటర్ల వేగంలో కిటికీ బయట వదలాలి. త్రాసు చూపే అంకె కన్నా గుడ్డ కదలిక ముఖ్యం. ఒకేచోట నిలబడితే సరే. ఒక దిక్కుకే లాగుతున్నా, వృత్తం గీస్తున్నా దించేసి, ఎనిమిది గుర్తుల దగ్గరా వ్యాసార్ధం మళ్లీ కొలవాలి. తర్వాత మనిషి బరువున్న బొమ్మతో, దూకబోయే ఎత్తు నుంచే, కనీసం పది సార్లు వదిలి ప్రతిసారీ కెనోపీ ఏ దిక్కున తెరుచుకుందో వీడియో తీసుకోవాలి. పదిలో మూడు సార్లు ఒకే పక్కకు తిరిగితే, కుట్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా సరే, ఆ పైలట్ చూట్‌ను విప్పేయాలి.