తెల్లనివన్నీ డెల్రిన్లే

మెషినింగ్‌కి, అంటే కడ్డీని యంత్రం మీద కోసి భాగాలు చేయడానికి, ఏ ప్లాస్టిక్ వాడాలన్న చిన్న విషయాన్ని కొందరు పనిగట్టుకుని శాస్త్రం చేసి కూర్చోబెట్టారు. నైలాన్ వేరట, ఎసిటాల్ (డెల్రిన్ అన్నది దీనికే ఒక బ్రాండ్ పేరు) వేరట, టెఫ్లాన్ వేరట. డ్రాయింగ్‌లో 'మెటీరియల్: ప్లాస్టిక్, తెలుపు' అని రాసి, దాని పక్కనే టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకునే తేడా, ప్లస్ ఆర్ మైనస్ 0.01 మి.మీ. అని వేసే డిజైనర్ల విశాల హృదయం ఈ ఛాందసులకు ఎక్కదు. తెల్లనివన్నీ పాలే అనుకోగలగడం ఎంత నిబ్బరమైన గుణం!

ఆ నిబ్బరం నిలవాలంటే ముందు స్టోర్‌లో తూకం మిషన్ తీసేయించాలి. 50 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. పొడవున్న నాలుగు తెల్ల కడ్డీలు పక్కపక్కన పెట్టండి, చూపుకి తేడా పెద్దగా దొరకదు. తూచారో, గుట్టు రట్టు. యూహెచ్‌ఎండబ్ల్యూ పాలిథీన్ 183 గ్రాములు, నైలాన్ 225, ఎసిటాల్ 277, టెఫ్లాన్ ఏకంగా 425కు అటూ ఇటూ. మొదటిదైతే నీళ్ల బకెట్లో తేలుతుంది కూడా. అసెంబ్లీ రోజున తెలియాల్సిన సంగతి ఇలా ఐదు నిమిషాల్లో ముందే తెలిసిపోతే ఇక పనిలో ఉత్కంఠ ఏముంది?

నైలాన్ మీద వేసే నింద, అది నీళ్లు తాగుతుందని. తాగితే తాగనివ్వండి. మామూలు గాలిలో ఉంచితేనే నైలాన్ 6 రెండున్నర, మూడు శాతం తేమ పీలుస్తుంది. నీళ్లలో పడేస్తే పోనుపోను 9 శాతం దాకా వెళ్తుంది. ఒక్కో శాతానికి కొలత సుమారు 0.2 నుంచి 0.3 శాతం పెరుగుతుంది. బయట 40, లోపల 25 మి.మీ. ఉన్న బుష్‌ని, అంటే షాఫ్టు తిరిగే గొట్టంలాంటి బేరింగ్‌ని, ఆరిన కడ్డీలోంచి తీసి ఉక్కు హౌసింగ్‌లో ప్రెస్ చేశారనుకోండి. బయటికి ఉబ్బుదామంటే గోడ అడ్డం, అందుకని లోపలి రంధ్రం, అదే బోరు, మూసుకురావడం మొదలెడుతుంది. షాఫ్టుకి వదిలిన 0.05 క్లియరెన్స్ నెలలు తిరిగేసరికి హుష్‌కాకి. నీటి పంపులో పెడితే అంత ఓపిక పట్టనక్కర్లేదు. షాఫ్టుని ఇంత ఆప్యాయంగా హత్తుకునే బేరింగ్ ఇత్తడిలో దొరుకుతుందా? మనసు లేనివాళ్లు ఇలాంటి చోట ఎసిటాల్ వేస్తారు. అది పీకల దాకా తాగినా ఒక శాతం దాటదు.

అలాగని ఎసిటాల్‌ని నెత్తిన పెట్టుకోనవసరం లేదు. అందులో హోమోపాలిమర్, కోపాలిమర్ అని రెండు రకాలు. హోమోపాలిమర్ లావు కడ్డీల్లో నట్టనడుమ సన్నటి చిల్లుల గీత ఉంటుంది. లీకు ఆపాల్సిన సీలింగ్ ఫేస్ సరిగ్గా అక్కడికే వచ్చేలా గీస్తే లీకేజీ ఉచితం. కోపాలిమర్ అడిగితే ఈ అదృష్టం చాలావరకు తప్పిపోతుంది. ఇక కొలత సంగతి. లేత్ మీద వెచ్చగా ఉండగానే మైక్రోమీటర్ పెట్టడం ఉత్తమం. 100 మి.మీ. డిస్కు 20 డిగ్రీలు వేడెక్కితే ఎసిటాల్ సుమారు 0.2 మి.మీ. పెరుగుతుంది, ఉక్కు అయితే 0.024 మాత్రమే. ఓకే అని సంతకం పెట్టేయండి. చల్లారాక ముక్క సన్నబడితే అది ఇన్‌స్పెక్షన్ వాళ్ల చేతివాటం.

పల్చటి రింగులకి, మూడు దవడలతో (జాలతో) ముక్కని పట్టే త్రీ-జా చక్‌ని మించింది లేదు. ఇనుముని బిగించినట్టే బిగించండి. బోరు చక్కగా గుండ్రంగా వస్తుంది, జా వదలగానే మూడు మూలలు తేలుతుంది. ఇది నచ్చని కొందరు ముక్క ఆకారానికి కోసుకునే మెత్తటి సాఫ్ట్ జాలు వేసి, ఆనీ ఆననట్టు బిగించి, మొదటి ముతక కోత రఫింగ్‌లో అర మిల్లీమీటర్ మిగిల్చి, లోపలి ఒత్తిళ్లు సర్దుకోవడానికి ముక్కని ఒక రోజు పక్కన పెట్టి, మర్నాడు పూత లేని పదునైన ఇన్సర్టుతో ఫినిష్ చేస్తుంటారు. డెలివరీ తేదీ మీద బొత్తిగా గౌరవం లేని మనుషులు.

టెఫ్లాన్‌కి 260 డిగ్రీల వేడి లెక్కలేదు, రసాయనాలు లెక్కలేదు. ఒక్క బోల్టు బిగింపుకి మాత్రం లొంగుతుంది, లొంగుతూనే ఉంటుంది. వాషర్ మెల్లగా పక్కకి జరిగిపోతుంటే బోల్టు వదులవుతుంది, మెయింటెనెన్స్ వాళ్లకి శాశ్వత ఉపాధి. పైగా 19 డిగ్రీల దగ్గర దాని స్ఫటికాల అమరిక మారి ఘనపరిమాణం సుమారు ఒక శాతం పెరుగుతుంది. ఉదయం చలిలో పాసైన ముక్క మధ్యాహ్నం ఫెయిలైతే ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ సత్యవంతులే.

ఏదీ తేలకపోతే పీక్ (PEEK) అనే ప్లాస్టిక్ రాసేయండి. 250 డిగ్రీల్లో నిక్షేపంగా పనిచేసే సరుకుని గది తలుపు రోలర్‌కి వేస్తే ఆ తలుపుకే ఒక హోదా.

పారదర్శకమైనవాటిలో పాలికార్బనేట్‌కి ప్రత్యేక మర్యాద ఉంది. కటింగ్ ఆయిల్ ధారాళంగా పోసి రంధ్రాల్లో స్క్రూ మరలు ట్యాప్ చేయాలి, అసిటోన్‌తో శుభ్రంగా తుడవాలి, స్క్రూలు గట్టిగా బిగించాలి. రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు కిరణాల్లా విచ్చుకుంటాయి. కస్టమర్ అడిగితే, మీవాళ్లకి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం రాదని చెప్పండి.