ఇంటివాడికి జైలు, అతిథికి పర్మిట్

పాకిస్తాన్‌లోని చోలిస్తాన్ ఎడారి ఇసుకలో ఒక పశువుల కాపరి తిలోర్ పిట్టను కొడితే నేరస్తుడు. గల్ఫ్ నుంచి సొంత విమానంలో దిగిన షేకు, డేగను వదిలి అదే పిట్టను పట్టిస్తే గౌరవ అతిథి. ఇద్దరికీ నడుమ తేడా ఒక్క కాగితం. ఏటా చలికాలం ముంగిట పాకిస్తాన్ విదేశాంగ శాఖ గల్ఫ్ రాజవంశాలకు రాసిచ్చే ప్రత్యేక వేట పర్మిట్ అది. వలస పక్షిని చంపడానికి అనుమతి ఇస్తున్నది అటవీ అధికారులు కాదు, పక్షుల లెక్క తెలిసిన శాస్త్రవేత్తలు కాదు. ప్రొటోకాల్ అధికారులు! వన్యప్రాణుల బాధ్యత అక్కడి రాష్ట్ర ప్రభుత్వాలదే అయినా, పిట్ట ప్రాణం మీద సంతకం మాత్రం ఇస్లామాబాద్‌లోనే పడుతోంది.

ఈ తిలోర్, అంటే హౌబారా బస్టర్డ్, మన రోళ్లపాడు అభయారణ్యంలోని బట్టమేకకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) దాయాది. కజకిస్తాన్ వంటి మధ్యాసియా మైదానాల్లో గుడ్లు పెట్టి, అక్కడ చలి ముదిరేసరికి పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ ఎడారులకు దిగుతుంది. కొన్ని థార్ దాటి రాజస్థాన్‌కు, కచ్‌కు కూడా వస్తాయి. ముప్పు అంచున ఉన్న పక్షిగా దీన్ని ప్రపంచమంతా గుర్తించింది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం సైటిస్ తన మొదటి అనుబంధంలో, అంటే అత్యంత ముప్పున్న జీవుల జాబితాలో చేర్చింది. అయినా దాని మాంసం తింటే మగతనం పెరుగుతుందన్న ఒక పిచ్చి నమ్మకం, డేగల వేట మీద తరాల మోజు కలిసి దాన్ని బతకనివ్వడం లేదు.

పర్మిట్‌లో షరతులు లేకపోలేదు. పది రోజులు, వంద పిట్టలు, లక్ష డాలర్ల రుసుము. పిట్టకు వెయ్యి డాలర్లన్నమాట. ఆ షరతులు ఏపాటి పనిచేస్తాయో 2014లో బలూచిస్తాన్‌లోని చాగై జిల్లా చూపించింది. సౌదీ తబూక్ ప్రాంత గవర్నర్, యువరాజు ఫహద్ బిన్ సుల్తాన్ 21 రోజుల్లో 1,977 పిట్టలను చంపారని అక్కడి అటవీ అధికారే నివేదిక రాశారు. పరివారం చంపినవి కలిపితే 2,100. వందకు అనుమతి, రెండు వేలకు పైగా వేట! మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే యువరాజు మళ్లీ బలూచిస్తాన్‌లో దిగారు. అప్పటికి కొద్ది నెలల ముందే బలూచిస్తాన్ హైకోర్టు ఆ పర్మిట్లను కొట్టేసి ఉంది. పరిమితిని ఇరవై రెట్లు దాటినవాడికి మళ్లీ తలుపు తీస్తే, కాగితం మీద రాసిన ఆ వంద ఎవరి కోసం? కాపరి కోసమా?

షేకుల రాకతో ఎడారి పల్లెలకు రోడ్లు, బడులు, ఆసుపత్రులు వచ్చాయని, అబుధాబి నిధులతో తిలోర్లను పెంచి వదులుతున్నారని సమర్థకులు అంటారు. కావచ్చు. కానీ పల్లెకు బడి కట్టడం ప్రభుత్వం పని. దానికి బదులుగా చట్టాన్ని తాకట్టు పెట్టమని ఆ పల్లె అడగలేదు.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది న్యాయస్థానాల్లో జరిగింది. 2015 ఆగస్టులో పాకిస్తాన్ సుప్రీంకోర్టు ఈ వేటను నిషేధించింది. వెంటనే ప్రభుత్వం పరుగున వెళ్లి, అరబ్బు ప్రముఖులను వేటకు పిలవడం మా విదేశాంగ విధానంలో భాగమని వాదించింది. ఒక ప్రభుత్వం తన అత్యున్నత న్యాయస్థానం ఎదుట నిలబడి, చట్టం కన్నా చెలిమి ముఖ్యమని చెప్పుకోవడమే ఇది. 2016 జనవరిలో అయిదుగురు సభ్యుల ధర్మాసనం నిషేధాన్ని ఎత్తేసింది. చట్టంలో లేని నిషేధాన్ని కోర్టు విధించరాదన్నది నలుగురి మాట. జస్టిస్ ఖాజీ ఫయీజ్ ఈసా ఒక్కరే ఒప్పుకోలేదు. అతిథి అయితే మినహాయింపు అన్న సూత్రానికి ఆ రోజుతో కోర్టు నీడ కూడా దొరికింది. ఇవాళ పిట్ట, రేపు అడవి, ఎల్లుండి గని! పెట్టుబడి తెచ్చే ప్రతివాడూ ఇక అతిథే.

ఇమ్రాన్ ఖాన్ ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఈ వేటను దుయ్యబట్టారు. ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో ఆయన పార్టీ ప్రభుత్వం వేటకు ఒప్పుకోలేదు కూడా. ఆయనే ప్రధాని అయ్యాక పర్మిట్లు యథావిధిగా వెళ్లాయి. కుర్చీలో ఎవరు కూర్చున్నా కలం ఒకేలా రాసింది. 2021 నవంబరులో సింధ్‌లో ఒక యువకుడు విదేశీ వేటగాళ్ల వాహనాలను అడ్డుకొని ఫోన్‌లో వీడియో తీశాడు. ఆ తర్వాత హత్యకు గురయ్యాడు. పర్మిట్ అన్న కాగితం పిట్టల దగ్గరే ఆగదని ఆ పల్లెకు తెలిసింది.

మనమేమీ సుద్దపూసలం కాదు. చలికాలంలో కొల్లేరు చుట్టుపక్కల వలస బాతుల మాంసం చాటుమాటుగా అమ్ముడవుతున్న సంగతి మా పాఠకులకు తెలియనిది కాదు. రోళ్లపాడులో బట్టమేక దాదాపు కనుమరుగైంది. ఆ సిగ్గు మనదే. అయితే ఒక్క తేడా ఉంది. 1972 వన్యప్రాణి చట్టం కింద మొదట్లో ఇక్కడా వేట లైసెన్సులుండేవి. 1991 సవరణతో వాటిని తీసేశాం. 1970ల చివర ఒక అరబ్ యువరాజు డేగలతో జైసల్మేర్ వస్తే రాజస్థాన్ జనం రోడ్డెక్కారు. వేట ఆగింది. కొల్లేట్లో వల వేసినవాడు దొరికితే కేసు పెడతారు. అతని జేబులో సర్కారు సంతకం ఉండదు.

చాగైలో చచ్చిన తిలోర్ కచ్‌కు రాదు, తిరిగి కజకిస్తాన్‌కూ చేరదు. అది ఏ ఒక్క దేశం ఆస్తీ కాదు. వలస జీవుల ఒప్పందంలో పాకిస్తాన్ ఉంది, మనమూ ఉన్నాం. 2020లో గాంధీనగర్‌లో ఆ ఒప్పంద దేశాల సదస్సు జరిపి బట్టమేక బొమ్మనే చిహ్నంగా పెట్టుకున్న దేశం మనది. గల్ఫ్ రాజులు మనకూ మిత్రులేనన్న మొహమాటంతో ఢిల్లీ నోరు మెదపకపోతే అదీ తప్పే.

సార్వభౌమత్వం గురించి ప్రతి అంతర్జాతీయ వేదిక మీదా గొంతు చించుకునే ఇస్లామాబాద్ పాలకులకు, సొంత గడ్డ మీద సొంత చట్టాన్ని ఒక అతిథి ముందు అమలు చేసే దమ్ము లేకపోవడం సిగ్గుచేటు. కాపరికి వర్తించే చట్టం యువరాజుకు వర్తించదంటే, దాన్ని చట్టమని పిలవకండి. విదేశాంగ శాఖ బల్ల మీది ఆ పర్మిట్ పుస్తకాన్ని మూసేయండి, ఈ చలికాలమే.